ఆవకాయ జాడీ కింద అనుభవం

దుర్గేష్‌లో ఒక్క లోపమూ లేదు. మరిది మీద పుష్పలతకున్న ఫిర్యాదల్లా అదే.

మనిషన్నాక ఏదో ఒక లోపం ఉండాలి కదా. నిజానికి దుర్గేష్ గురక పెడతాడు. తిన్న కంచం అక్కడే వదిలేస్తాడు. తడి తువ్వాలు మంచం మీద పారేస్తాడు. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా చెప్పులు ఎక్కడ విప్పాడో తల్లినే అడుగుతాడు. కానీ అవేవీ ఈ కాగితంలో లేవు. భోజనాల బల్ల మీద ఇడ్లీ గిన్నెకి ఆనించి పెట్టిన ఈ కాగితం ప్రకారం అతడు నలుగురిని నడిపించగలవాడు, ఒత్తిడిలో చలించనివాడు, వేళ తప్పనివాడు. పైన కుడివైపు కోటు వేసుకున్న ఫొటో. కోటు స్టూడియోవాళ్ళది.

"చదివారా వదినా?" అన్నాడు దుర్గేష్, కొబ్బరి చట్నీ వేసుకుంటూ. "నాలుగింటికి ఆవిడ వచ్చేస్తుంది. మీరో గంట కూర్చుని చెప్పేస్తే చాలు. ఈ డీవో అంటే ఏంటి? డిస్ట్రిక్ట్ ఆఫీసరా?"

"నీళ్ళలో కరిగిన ఆక్సిజన్."

"ఓహో."

"నీ కాగితంలో మూడుసార్లు రాశావు దుర్గేష్."

"అందుకేగా అడుగుతున్నా," అన్నాడతను. ఆ మాటలో సిగ్గు వెతికితే ఆవగింజంత కూడా దొరకదు.

నిన్న తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఫోను ఈ ఇంట్లో ఇంకా మోగుతూనే ఉన్నట్టుంది. చేపల మేత కంపెనీవాళ్ళు. గొంతు చాలా మర్యాదగా ఉంది. "చెరువుల సలహాదారు ఉద్యోగానికి మీ ఇంటి నుంచి రెండు రెజ్యూమేలు వచ్చాయండి. ఒకటి మీది, ఒకటి మీ మరిదిగారిది. చెరువు ఒకటే, చేసిన పనీ ఒకటేనండి. రేపు మా ఆఫీసరుగారు మీ ఇంటికే వస్తారు. ఏమైనా రికార్డులుంటే తీసి ఉంచండి."

అలా ఒకే ఫోనుతో, పుష్పలత ఎవరికీ చెప్పకుండా ఉద్యోగానికి దరఖాస్తు చేసిందని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. దుర్గేష్ ఏం రాశాడో పుష్పలతకు తెలియడానికి మాత్రం ఈ ఇడ్లీల వేళ దాకా పట్టింది.

ఆ ఇంగ్లీషును తెలుగులోకి దింపుకుంటే ఇలా ఉంది. గుండుగొలను దగ్గర పన్నెండెకరాల చేపల చెరువును తొమ్మిదేళ్ళుగా స్వయంగా చూసుకుంటున్నాను. రోజూ నీటి రంగు, ఆక్సిజన్ పరీక్షిస్తాను. మేత, సున్నం మోతాదులు నిర్ణయిస్తాను. శీలావతి, బొచ్చె చేపపిల్లల్లో నూటికి ఎనభై బతికించాను.

ఎనభై. అది ఆమె అంకె. ఒక్కో ఏడూ గట్టు మీద నిలబడి, వల లాగినప్పుడల్లా లెక్కపెట్టించుకుని తెచ్చుకున్న అంకె. ఇక దుర్గేష్ ఆ తొమ్మిదేళ్ళలో ఏడున్నరేళ్ళు హైదరాబాదులో ఉన్నాడు. మిగిలిన ఏడాదిన్నర ఈ ఇంట్లోనే, పంకా కింద ఉన్నాడు.

తను పళ్ళు తోముకునే బ్రష్షుతో మరొకడు తోముకుని, కడగకుండా మళ్ళీ అక్కడే పెట్టాడని తెలిస్తే ఎలా ఉంటుందో పుష్పలతకు అలా ఉంది. కోపం ఇంకా రాలేదు. ముందు కంపరం పుట్టింది.

అప్పుడు ఆఖరి వాక్యం చదివింది.

"రెండువేల ఇరవై ఒకటిలో, శిక్షణ లేని ఒక కుటుంబ సభ్యురాలి అజాగ్రత్త వల్ల చెరువుకి భారీ నష్టం జరగగా, దాన్ని నేను తిరిగి నిలబెట్టాను."

ఆమె కాగితాన్ని చట్నీ తగలకుండా పక్కకి జరిపింది. ఎందుకో మరి, అంత జాగ్రత్తగా.

"ఈ లైను నీకు ఎవరు చెప్పారు?"

దుర్గేష్ ఇడ్లీ మింగాడు. "అన్నయ్యేనండి. మొత్తం అన్నయ్యే కూర్చుని చెప్పాడు, నేను ఇంగ్లీషు చేశానంతే. నష్టాన్ని కూడా మన గొప్పకిందే చూపించాలంట, వీడియోల్లో చెప్తున్నారు."

*

భాస్కరరావు స్నానం చేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. బల్ల మీద కాగితం, దాని ముందు భార్య. అతడు మళ్ళీ లోపలికి వెళ్ళిపోవడానికి ఒక మంచి కారణం వెతుక్కున్నాడు. దొరక్క కుర్చీ లాక్కున్నాడు.

"చూడు పుష్పా, నెమ్మదిగా మాట్లాడుకుందాం."

"నేనింకా ఏం మాట్లాడలేదండీ."

"అదే. నెమ్మదిగా." ప్లేటు ముందుకు లాక్కున్నాడు. "కంపెనీకి ఫోన్ చేసి నీది వెనక్కి తీసుకో. పొరపాటున పంపానని చెప్పు."

"ఏది పొరపాటండీ?"

"పంపడం."

"వాడిదెందుకు తీసుకోకూడదు?"

"వాడు ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నాడే! నీకు ఇల్లుంది, పనుంది. అయినా ఇంటి అనుభవం ఇంట్లోవాళ్ళు వాడుకుంటే తప్పేంటి? బండి నా పేరు మీదుంది, వాడు నడపట్లేదూ?"

"బండి నడిపితే పెట్రోలు తరుగుతుందండీ. ఇక్కడ తరిగేది నేను."

దుర్గేష్ నవ్వబోయి, అన్నయ్య మొహం చూసి నీళ్ళు తాగాడు.

"వచ్చే జనవరికి నాకు నలభై అయిదు నిండుతాయి," అంది పుష్పలత. గొంతు పెంచలేదు. "వాళ్ళ ప్రకటనలో నలభై అయిదు లోపు అని ఉంది. వాడికింకా పదకొండేళ్ళు టైముంది. నాకు మూడు నెలలుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఏలూరులో జువాలజీ చదివి వచ్చాను. ఆ సర్టిఫికెట్టు మీ అమ్మగారి పట్టుచీరల కింద మడతలు పడుతోంది. ఈ ఒక్కటీ అడుగుతున్నా."

"గణపవరం, నిడమర్రు, ఊళ్ళన్నీ తిరగాలి. గట్లమ్మట. నువ్వు తిరుగుతావా?"

"పదహారేళ్ళుగా మన గట్టమ్మట తిరిగినప్పుడు ఎవరూ ఈ మాట అడగలేదేంటండీ?"

హాల్లో చింతపండు గింజలు తీస్తున్న అత్తగారు వెంకటనరసమ్మ అక్కడి నుంచే అందుకుంది. "మళ్ళీ ఆ చెరువు జోలికి ఎందుకమ్మా నీకు? ఆ శ్రావణంలో అంత చేపా పోగొట్టాక కూడానా? మా ఆయన తవ్వించిన చెరువు. ఒక్క పొద్దున్న తెల్లగా తేలిపోయాయి. నాకు ఇప్పటికీ ఆ కంపు ముక్కుల్లోంచి పోలేదు."

నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట పండక్కీ పబ్బానికీ వచ్చిపోతూనే ఉంది. మామూలుగా అయితే పుష్పలత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇవాళ వెళ్ళలేదు. భర్త వైపు చూసింది.

భాస్కరరావు పంకా వైపు చూశాడు. అది తిరుగుతోంది. తిరుగుతున్నదీ లేనిదీ ఖాయం చేసుకోవాలన్నట్టు చాలాసేపు చూశాడు.

"సాంబారు ఉందా?" అన్నాడు చివరికి.

పుష్పలత సాంబారు గిన్నె అతని ముందు పెట్టింది. గరిటె పెట్టలేదు.

*

వంటింట్లో కూతురు సాయిప్రియ గట్టెక్కి కూర్చుంది. తాడేపల్లిగూడెంలో బీటెక్ మూడో ఏడు. అమ్మ రెజ్యూమేకి మొదటి నుంచీ కారకురాలు తనే కాబట్టి, ఇవాళ కాలేజీకి తలనొప్పి అని చెప్పింది.

"నువ్వు వెనక్కి తీసుకుంటే నేను నీతో మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోతే ఈ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో. ఆ ఉల్లిపాయలు ఇటియ్యి."

మూడు వారాల కిందట ఇద్దరూ గుండుగొలను సెంటర్లో రూబెన్ జిరాక్సు షాపుకి వెళ్ళారు, చీరలకి ఫాల్ కుట్టించాలని ఇంట్లో చెప్పి. పుష్పలత రూళ్ళ కాగితం మీద రాసుకెళ్ళింది. కష్టపడే తత్వం. ఓర్పు. నిజాయితీ. అందరితో కలిసిపోయే స్వభావం. రెండువేల మూడు నుంచి గృహిణి.

రూబెన్ కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. "ఇవన్నీ మీ గుణాలండీ. వాళ్ళకి మీ పనులు కావాలండీ."

"అమ్మా, ఓర్పు అని పెళ్ళిచూపుల్లో చెప్తారు," అంది సాయిప్రియ. "కష్టపడతానని అందరూ రాస్తారు, నిద్రపోయేవాళ్ళు కూడా. నువ్వు ఏం చేశావో రాయి. ఎంత చేశావో రాయి. ఎన్ని ఎకరాలు? ఎన్నిసార్లు చేపల పట్టుబడి? పిల్లలు వేస్తే ఎన్ని బతికాయి?"

"అంతా నోటికి వచ్చు."

"నోటికి వస్తే చాలదు, కాగితం మీదకి రావాలి. పైగా ఒక్క పేజీ. వాళ్ళు ఏ పని చేసేవాళ్ళని అడిగారో ఆ పని ముందుండాలి. నువ్వు కుట్లు, అల్లికలు అని రాశావు చూడు, చెరువుకి స్వెట్టర్ అల్లుతావా?"

రూబెన్ పుట్టిన తేదీ కింద ఉన్న ఒక గడిని చెరిపేశాడు. "భర్త పేరు అక్కర్లేదండీ దీంట్లో."

ఆ గడి పోయిన చోటు కంప్యూటర్లో తెల్లగా కనిపించింది. పుష్పలత ఆ తెలుపుకేసి కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. బాధ కాదు. కొత్తగా ఉంది, అంతే.

చెరువుకొచ్చిన నష్టం గురించి కూడా రాయాల్సిందేనన్నాడు రూబెన్. దాచిపెట్టింది తర్వాత బయటపడితే ఉన్న మంచి కూడా పోతుందండీ, అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించి ఒక వాక్యం చెప్పింది. "రెండువేల ఇరవై ఒకటి ఆగస్టులో మేత నిర్ణయం తప్పడం వల్ల నష్టం. ఆ తర్వాత మబ్బు రోజుల్లో మేత ఆపే పద్ధతి పెట్టాం." ఎవరి నిర్ణయమో చెప్పలేదు. రూబెన్ అడగలేదు.

"బాబాయ్ రాత్రికి రాత్రి ఎక్సెల్ షీటు చేశాడమ్మా," అంటోంది సాయిప్రియ ఇప్పుడు. "తొమ్మిదేళ్ళవీ ఒక్క రాత్రిలో. ఆకుపచ్చ రంగు కూడా వేశాడు. నీ దగ్గర రాసినవేం లేవా?"

"క్యాలెండరు మీద రాసేదాన్ని కదే."

"ఆ క్యాలెండర్లేవి?"

పుష్పలత ఉల్లిపాయ కోయడం ఆపి పైకి చూసింది. ఆమె ఎందుకు పైకి చూసిందో సాయిప్రియకి ఒక్క క్షణం తర్వాత తెలిసింది.

వెంకటనరసమ్మకి ఒక పద్ధతి ఉంది. ఏడాది అయిపోయాక క్యాలెండరు పారేయదు. పైనున్న దేవుడి బొమ్మ కత్తిరించి పూజగదిలో పెడుతుంది. కింద తేదీల కాగితాలు వంటింటి అరల్లో పరుస్తుంది. పాతది తీయదు, దాని మీదే కొత్తది. అందుకే ఆ ఇంట్లో కందిపప్పు డబ్బా కింద ఒక ఏడాది ఉంటుంది, దాని కింద ఇంకో ఏడాది.

సాయిప్రియ అప్పటికే పప్పు డబ్బాలు దించేస్తోంది.

మొదటి అర కింద నుంచి రెండువేల పద్దెనిమిది మార్చి వచ్చింది, నూనె మరకలతో. తేదీల గడుల్లో పుష్పలత చిన్న అక్షరాలు. "పాలు లీటరున్నర. నీళ్ళు ముదురాకుపచ్చ. సున్నం చెప్పాను." "పాలు రాలేదు. బొచ్చెలకి తోక దగ్గర ఎర్ర మచ్చలు. ఏలూరు ల్యాబుకి పంపాను." "గ్యాసు వచ్చింది. వల లాగారు. సగటు కేజీ రెండొందలు."

"అమ్మా!" సాయిప్రియ గొంతు చాలా చిన్నదైపోయింది. "ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా? ఇన్నాళ్ళూ వీటి మీద మినపప్పు పెట్టుకున్నామా?"

"మినపప్పుకి కూడా ఏదో ఒకటి కావాలిగా."

ఇంగువ వాసన వేసే కాగితాలు ఒక్కొక్కటే లేచాయి. మూడు అరలయ్యాయి. ఇంక మిగిలింది పైన మూల అర. దాని మీద ఆవకాయ జాడీ.

"అది?"

"దాని జోలికి వెళ్ళకు," అంది పుష్పలత.

ఆ జాడీ వెంకటనరసమ్మది. ఏడాదికొకసారి, కొత్తావకాయప్పుడు, తలంటు పోసుకుని తనే కదుపుతుంది. ఇంకెవరి చెయ్యీ తగలకూడదు. బూజు పడుతుందట. అయితే పుష్పలత వద్దన్నది బూజు గురించి కాదు.

ఆ అర మీద ఉన్న ఏడాది ఏదో ఆమెకు తెలుసు. అందులో ఒక ఆదివారం గడిలో తను ఏం రాసిందో కూడా తెలుసు. ఆ పొద్దున్న గట్టు మీద జనం గుమిగూడి ఎలా జరిగిందని అడిగినప్పుడు, భాస్కరరావు ఎవరి మొహమూ చూడకుండా, "మా ఆవిడ చూసుకుంటుందనుకున్నానండీ," అన్నాడు. అప్పుడతన్ని ఇంకొక్క మాట అంటే చెరువులో పడిపోయేలా ఉన్నాడు. పోనీలే, రేపు తనే చెప్తాడులే అనుకుంది.

ఆ రేపటికి నాలుగేళ్ళు. అతని మీద ఎంత రోత పుట్టిందో, నోరు మూసుకుని కూర్చున్న తన మీద కూడా అంతే పుట్టింది.

*

నాలుగింటికి వచ్చిన ఆఫీసరు పేరు షారోన్. ముప్ఫై దాటి ఉండదు. ఏలూరులో టీచరుగారి అమ్మాయి. స్కూటీ దిగి, మొహానికి కట్టుకున్న చున్నీ విప్పుకుంటూ, "నమస్తే అండీ, కాఫీ వద్దండీ, మంచినీళ్ళు చాలు," అంది. ఎవరూ ఇంకా కాఫీ అడగలేదు. రోజుకి ఎన్ని ఇళ్ళకి వెళ్తుందో అర్థమైంది.

భోజనాల బల్ల మీద రెండు రెజ్యూమేలూ పక్కపక్కన పెట్టింది. ఒకటి రెండు పేజీలు, కోటు ఫొటోతో. ఒకటి ఒక్కటే పేజీ, ఫొటో లేకుండా.

"దుర్గేష్‌గారూ, చిన్న ప్రశ్నండి. కిట్టు లేదు, కరెంటు లేదు. పొద్దున్నే గట్టు మీద నిలబడ్డారు. నీళ్ళు ఎలా ఉన్నాయో ఎలా చూస్తారు?"

దుర్గేష్ నిటారుగా కూర్చున్నాడు. "ముందుగా టీమ్‌ని పిలిచి రివ్యూ పెడతానండి."

"చెరువు గట్టు మీదండీ?"

"అవునండి. అక్కడికక్కడే."

షారోన్ ఏదో రాసుకుంది. "మీరు చెప్పండి మేడమ్."

మేడమ్ అన్నది ఎవరినా అని పుష్పలత ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. "మోచేతి దాకా చెయ్యి ముంచుతానండీ. అరచెయ్యి మసగ్గా కనిపిస్తే మంచి నీళ్ళు. మణికట్టు దగ్గరే మాయమైతే నాచుపచ్చ ఎక్కువైనట్టు. ఆ పూట చెరువులో మేత సంచులు కట్టనివ్వను. ఇంకా తెల్లారకముందే వెళ్తే చేపలే చెప్తాయండీ. నోళ్ళు తెరుచుకుని పైకొచ్చి గాలి మింగుతుంటే, గట్టు మీద అడుగు వేసినా కిందకి పోవు. మామూలప్పుడైతే మన అలికిడికే దిగిపోతాయి."

షారోన్ పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది. ఈసారి ఎక్కువసేపు.

"రికార్డులండీ?"

దుర్గేష్ లాప్‌టాప్ తిప్పి పెట్టాడు. ఆకుపచ్చ గడులు, నీలం గడులు, ఒక గ్రాఫు. షారోన్ కిందకి జరుపుతూ చూసింది. ఒక చోట ఆగింది.

"మీ ఫిబ్రవరికి ముప్ఫై రోజులున్నాయండి."

"టైపింగ్ మిస్టేకండి."

"ప్రతీ ఏడూనాండి?"

సాయిప్రియ వంటింట్లోకి పరిగెత్తి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, కాగితాల దొంతరతో తిరిగొచ్చింది. షారోన్ మొదటి కాగితం తీసుకోగానే ముక్కు ముడిచింది.

"ఇంగువండీ," అంది పుష్పలత. "అరల్లో పరిచినవి."

షారోన్ చదివింది. ఒకటి, రెండు, నాలుగు. మధ్యలో ఒకసారి, "పాలవాడు ఈ వారమంతా రాలేదేంటండీ?" అంది.

"వాళ్ళ గేదె ఈనిందండీ."

"అదీ రాశారు ఇక్కడ." నవ్వలేదు గానీ, కాగితాన్ని చాలా మెల్లగా కింద పెట్టింది. తర్వాత రెండు రెజ్యూమేల్లోనూ ఒక్కో వాక్యం కింద గీత గీసింది.

"ఇదొక్కటే మిగిలిందండీ. రెండువేల ఇరవై ఒకటి. మీరు మేత నిర్ణయం తప్పిందన్నారు, ఎవరి నిర్ణయమో రాయలేదు. ఈయన కుటుంబ సభ్యురాలి అజాగ్రత్త అన్నారు. ఎవరండీ ఆ సభ్యురాలు?"

దుర్గేష్ అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య పంకా వైపు చూశాడు. కరెంటు పోయింది. పంకా నెమ్మదిగా ఆగింది. భాస్కరరావుకి ఇక చూడటానికి ఏమీ మిగల్లేదు.

"అదిప్పుడెందుకండీ, అయిపోయిన విషయం," అన్నాడు.

"మేడమ్ అయితే నేను ఆవిడని తీసుకోలేనండి." షారోన్ గొంతులో మర్యాద తగ్గలేదు. "వందమంది రైతుల చెరువులు అప్పజెప్పాలి. మబ్బు పట్టి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిన వేళ మేత వేయించే మనిషికి అప్పజెప్పలేం. ఇంకొకరైతే అది వేరే సంగతి. నాకు తెలియాలి."

పుష్పలత పెదవులు కదిలాయి. నాలుగేళ్ళ అలవాటు మళ్ళీ వాటిని మూసింది. తను చెప్తే అది భార్య మాట అవుతుంది. అతను చెప్తేనే అది మాట.

హాల్లో చింతపండు పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది.

"ఆ ఏడాది కాగితం నా జాడీ కింద ఉంది," అంది వెంకటనరసమ్మ, మోకాళ్ళ మీద చేతులానించి లేస్తూ. "తప్పు నా కోడలిదైతే అదీ రాసుకునే ఉంటుంది. పాలు ఒక పూట రాకపోయినా రాసే మనిషి."

"అమ్మా, ఎందుకిప్పుడు? జాడీ కదపకూడదుగా," అన్నాడు భాస్కరరావు. గబగబా అన్నాడు.

ఆ తొందర ఆవిడకి తగిలింది. గుమ్మంలో ఆగి, కొడుకుని ఒకసారి కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత చేతులు కడుక్కుంది. వంటింట్లో జాడీ రాతి అర మీద గరగరమంది. ఏడాది మధ్యలో ఆ చప్పుడు ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

కాగితం ఎర్రగా నూనె పీల్చుకుని ఉంది. వెంకటనరసమ్మ కిటికీ వెలుగులో పట్టుకుంది. తిథులు, వర్జ్యాలు చూడటానికి రోజూ చదివే కళ్ళు. కోడలి అక్షరాలు ఇన్నేళ్ళూ ఆ గడుల్లోనే ఉన్నా, ఎప్పుడూ వాటిమీదుగా జరిగిపోయిన కళ్ళు.

"ఆగస్టు ఇరవై రెండు. ఆదివారం. పౌర్ణమి." వేలు గడి మీదకి జరిగింది. పైకే చదివింది. "మబ్బు. గాలి లేదు. సాయంత్రం మేత వద్దన్నాను. పట్టుబడికి నాలుగు రోజులే ఉంది, బరువు రావాలని ఆయన సంచులు కట్టించారు."

వేలు పక్క గడికి వెళ్ళింది.

"ఇరవై మూడు. సోమవారం. తెల్లారేసరికి అన్నీ తేలాయి." ఆవిడ ఆగింది. మిగిలిన మాట చదవడానికి కాస్త టైము పట్టింది. "పాలు లీటరు."

సాయిప్రియ చున్నీ నోటి మీద నుంచి జారింది. దుర్గేష్ తన రెజ్యూమే రెండో పేజీని మొదటి పేజీ కిందకి మెల్లగా తోసేశాడు.

"నాలుగేళ్ళూ నాతో ఆ మాట అనిపించావా?" అంది వెంకటనరసమ్మ. కొడుకుతో అంది. "దీన్ని నేను గుమ్మంలో, పెళ్ళిళ్ళలో, నలుగురిలో..." తన నోట్లో ఏదో చెడిపోయింది పెట్టుకున్నట్టు మొహం పెట్టింది.

భాస్కరరావు బల్ల మీద చేతులు చూసుకున్నాడు.

"మేత నేనే వేయించాను," అన్నాడు. బల్లకి చెప్పినట్టు అన్నాడు.

పక్కింట్లో చెంచా పడినా అది పెద్దదో చిన్నదో చెప్పగల వెంకటనరసమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"నాకు వినపడలేదురా. గట్టిగా చెప్పు. ఆ అమ్మాయి రాసుకోవాలి."

పుష్పలత భర్తనే చూస్తోంది. ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళలో అతను కరెంటుని, మబ్బుని, మేత షాపువాడిని, పక్క చెరువు నీటిని తప్పుపట్టడం విన్నది. ఆ జాబితాలో ఇంకా ఎవరు మిగిలారా అని చూస్తోంది.

అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. ఎవరూ ఎత్తలేదు.

"పుష్ప వద్దంది. రెండుసార్లు వద్దంది. నేనే వేయించాను. పొద్దున్న గట్టు మీద అందరూ అడుగుతుంటే సిగ్గేసి దాని మీదకి తోసేశాను. మొన్న వాడికి ఆ లైను చెప్పి రాయించిందీ నేనే. నేను తప్పు చేశాను." షారోన్ పెన్ను కాగితం మీద ఆగి ఉంది. అతను అటు చూడలేదు. భార్య వైపు తిరిగాడు. ఈసారి గొంతు వీధి గుమ్మం దాకా వినపడింది.

"తప్పు నాది, పుష్పా."